అక్క ఎంచుకున్న బెల్టు

అతనికి యాభై రెండేళ్ళు. నెత్తిమీద జుట్టు సగం ఎప్పుడో సెలవు పుచ్చుకుంది. అయినా ఊరంతా అతన్ని తమ్ముడనే పిలుస్తుంది. బడి హెడ్మిస్ట్రెస్ తమ్ముడూ అంటుంది, బ్యాంకు మేనేజరు తమ్ముడు గారూ అంటాడు. పక్క కొట్టు టైలరు అతనికంటే ఇరవై ఏళ్ళు చిన్న, వాడు తమ్ముడన్నా అని రెండు వరసల్నీ ఒకే పిలుపులో కుక్కేశాడు. దీనికంతటికీ కారణం అక్క. ఫోటో స్టూడియో అక్క పెట్టింది, పని అక్క నేర్పింది, పేరు అక్క తెచ్చింది. పదిహేడేళ్ళప్పుడు చదువు అబ్బక గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న అతని చేతిలో కెమెరా పెట్టి, కిందపడేస్తే నిన్నూ పడేస్తానని బెదిరించింది కూడా అక్కే. ఆ రోజు నుంచి తమ్ముడు ఆవిడ వెనకే ఉన్నాడు.

అక్క పొట్టి. బాగా పొట్టి. తమ్ముడు ఆరడుగుల మనిషి. ఇద్దరూ పక్కపక్కన నడుస్తుంటే ఒకరు గొడుగు, ఒకరు దాని పిడి అని టైలరు నవ్వేవాడు. పనిని వాళ్ళు ఎప్పుడో పంచుకున్నారు. ఆటల పోటీలూ, ఆరుబయట సభలూ తమ్ముడివి. బడి గ్రూపు ఫోటోలూ, ఆఫీసుల్లో పదవీ విరమణలూ, హాళ్ళలో జరిగే పెళ్ళిళ్ళూ అక్కవి. బావ రైలు నడుపుతాడు కాబట్టి వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. మిగిలిన సగం నిద్రపోతాడు. అక్కకి స్టూడియోనే ఇల్లు, మెట్లెక్కి పైకి పోతే అది వంటగది మాత్రమే.

గ్రూపు ఫోటో తీయడంలో అక్కది వేరే పద్ధతి. మూడు వరసల పిల్లల్ని నిలబెట్టి, ఒకసారి కెమెరాలోంచి చూసి సరిచూసుకుంటుంది. ఆ తర్వాత మళ్ళీ అందులో కన్ను పెట్టదు. కెమెరాని గుండెల దగ్గర కదలకుండా పట్టుకుని, తల ఎత్తి, నేరుగా మొహాల్లోకి చూస్తూ ఏదో ఒక మాట అంటుంది. ఆ మాటకి నవ్వు మొదలయ్యే చోట నొక్కుతుంది. అద్దంలోంచి చూస్తే బొమ్మలు కనిపిస్తాయి, కంటితో చూస్తే మనుషులు కనిపిస్తారని ఆవిడ లెక్క. ఇంకో అలవాటు కూడా ఉంది. ఏ పిల్లకి కాలర్ మడత పడినా, ఏ పిల్లాడికి గుండీ ఊడినా ఉన్నచోటు నుంచి చెప్పదు. తనే వెళ్ళి వంగి సరిచేసి వస్తుంది. స్టాండు వాడదు కాబట్టి కెమెరా మెడలోనే ఉంటుంది. రోజుకి పన్నెండు తరగతులుంటే ఎన్నిసార్లు వంగుతుందో ఎవరూ లెక్కపెట్టలేదు. వంగిన ప్రతిసారీ ఆ బరువంతా మెడ మీద వేలాడేది.

కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే బెల్టు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు. రెండు వేళ్ళ వెడల్పు, గోనెపట్టాలాంటి గరుకు, పైన పసుపు అక్షరాల్లో కంపెనీ పేరు. కంపెనీవాళ్ళకి మన మెడతో పనిలేదు, తమ పేరు నలుగురికీ కనపడితే చాలు. దాంతో సాయంత్రమయ్యేసరికి అక్క మెడ వెనక ఎర్రటి వాత తేలేది. తమ్ముడి పెళ్ళాం నూనె రాస్తూ, వదినా, ఇది మెడా, బావి గిలకా, అనేది. అక్క నవ్వి ఊరుకునేది.

ఆరేళ్ళ కిందట ఒకరోజు మాత్రం ఊరుకోలేదు. కెమెరా సామాను అమ్మే కొట్టుకి బయల్దేరింది. ఊరికే బయల్దేరలేదు, తన కెమెరా, లెన్సు, ఫ్లాషు కలిపి ఎంత తూగుతాయో కిరాణా కొట్లో తూయించి, సరిగ్గా అంత బరువుకి ఉప్పు పొట్లాలు సంచిలో కట్టించుకుని మరీ వెళ్ళింది. ఖరీదైన వస్తువుని వేరేవాళ్ళ కొట్లో ఊపి చూడటం ఎందుకు, ఉప్పయితే పడ్డా ఏడవక్కర్లేదంది. తమ్ముడు కూడా వెంట వెళ్ళాడు కాబట్టి ఆ తతంగమంతా కళ్ళారా చూశాడు. కొట్టాయన ఒక్కో బెల్టూ తీసిస్తుంటే దానికి ఉప్పు సంచి తగిలించుకుని అక్క వీధి చివరిదాకా నడిచి వచ్చేది. వచ్చి పక్కింటి మెట్లు ఎక్కి దిగేది. చివర్లో వంగి, లేని పిల్లాడి కాలర్ సరిచేసేది. వీధిలోవాళ్ళు ఆగి చూశారు. ఆవిడ పట్టించుకుంటేగా.

రబ్బరులా సాగే బెల్టుని వద్దంది, నడుస్తుంటే సంచి ఎగిరెగిరి పొట్టకి కొడుతోందంది. తోలు బెల్టు చూడ్డానికి దర్జాగా ఉంది, అంచు మాత్రం చాకులా దిగుతోందంది. రెండు భుజాలకీ తగిలించుకునేదాన్ని వేసుకుని అద్దంలో చూసుకుని, దీనికో బండి కూడా ఇస్తారా అని కొట్టాయన్ని అడిగింది. ఇంకొకటి మెత్తగానే ఉంది, చెమట పడితే అంటుకుపోయే రకమని ముక్కు దగ్గర పెట్టుకునే చెప్పేసింది. ఆఖరికి ఒకటి దొరికింది. అరచేయంత వెడల్పు. లోపలివైపు మెత్తటి దిండు, గాలి ఆడేలా సన్నని జాలీ. ఎడమ భుజం మీదుగా ఏటవాలుగా దిగి, కుడి తుంటి దగ్గర కెమెరా వేలాడుతుంది. మెడ మీద గుడ్డిగవ్వంత బరువు కూడా పడదు. వంగితే వీపు మోస్తుంది. అక్క వీధి చివరికి రెండుసార్లు ఎక్కువ తిరిగొచ్చింది, కావాలని. మనిషి పొట్టి కాబట్టి కొట్టాయన బకిల్ని బాగా పైకి జరిపి, ఆ కొలత దగ్గర పెన్నుతో చిన్న గీత గీశాడు. అక్క ఆ రోజంతా పాటలు పాడుకుంది.

మర్నాడు తమ్ముడికి పరుగు పందేల మైదానంలో పని పడింది. మోచేయంత పొడుగు లెన్సు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో తిరగాలి. అక్కా, ఈ ఒక్కరోజూ ఆ బెల్టు ఇవ్వవా అన్నాడు. తీసుకోరా, అందులో అడిగేదేముంది అంది. ఆ సాయంత్రం అతనికి తన భుజం తనదిగా అనిపించింది. మర్నాడు కూడా మైదానంలోనే పని, మరో రెండ్రోజులూ అంతే. పొడుగు లెన్సు బరువుకి బకిల్ కొంచెం కొంచెంగా జారుతోందని మూడో రోజున అతనే తన కొలత దగ్గర నల్లదారంతో నాలుగు కుట్లు వేశాడు. లావు సూది, లావు చెయ్యి. అందుకే రెండుసార్లు పొడుచుకున్నాడు కూడా. అప్పటిదాకా అతని మనసులో ఏ పాపమూ లేదు.

రెండు వారాల తర్వాత అక్క అడిగింది. రేపు బడిలో పద్నాలుగు తరగతులున్నాయిరా, నా బెల్టు నాకివ్వు అంది.

"అది బిగుసుకుపోయిందక్కా. బకిల్ కదలడం లేదు. నా కొలతకే ఉండిపోయింది" అన్నాడు తమ్ముడు.

ముందుగా అనుకుని ఆడిన అబద్ధం కాదు. నోటికి అదే వచ్చింది. నాలుగు కుట్లు, బ్లేడుతో కోస్తే నిమిషం పట్టదు. అక్క ఒక్క క్షణం అతని భుజం వైపు చూసి, పోనీలే, నా పాతది పెట్టుకుంటే కనీసం కంపెనీ అక్షరాలైనా కనపడతాయి, జనం నమ్ముతారు, అని నవ్వింది. అంతటితో అయిపోయింది. కొత్తలో తమ్ముడికి మనసు పీకింది. ఇంకో బెల్టు కొనిపెడదామనుకున్నాడు, వచ్చే నెల అనుకున్నాడు, ఈ సీజన్ అయ్యాక అనుకున్నాడు. తర్వాత తర్వాత ఆ బెల్టు తనదే అనిపించడం మొదలైంది. భుజానికి సుఖం అలవాటైతే బుర్ర కూడా దానికి వంత పాడుతుంది. ఎవరైనా బాగుందే, ఎక్కడ కొన్నావని అడిగితే ఏరి ఏరి కొన్నానండీ అని చెప్పేంతవరకూ వెళ్ళాడు. ఏరింది ఎవరో చెప్పలేదు.

ఈ ఏడాది బడి ఫోటోల రోజున అసలు సంగతి బయటపడింది. కొత్త కెమెరాలకి నొక్కితే చప్పుడు రాదు. సభల్లో మాట్లాడేవాళ్ళకి ఇబ్బంది ఉండదని తమ్ముడే రెండు అలాంటివి కొన్నాడు. నొక్కినట్టు గుర్తుగా కెమెరా వెనకున్న చిన్న తెర మీద సన్నటి తెల్లగీత మెరుస్తుంది, అంతే. అక్క తెర చూడదు, మొహాలు చూస్తుంది. ఆరో తరగతిని నిలబెట్టింది, నవ్వించింది, నొక్కింది, పంపించేసింది. ఏడో తరగతీ అంతే. సాయంత్రం కంప్యూటర్లో చూస్తే ఆరో తరగతి లేదు, ఏడో తరగతి లేదు. కార్డు పోయిందని తమ్ముడు కంగారు పడ్డాడు. కార్డు బాగానే ఉంది. అక్క తన కుడిచేతి చూపుడువేలు ఎత్తి లైటు కింద పట్టుకుని, ఇది నెల నుంచి మొద్దుబారి ఉందిరా, నొక్కాననే అనుకున్నాను, అంది. ముప్ఫై అయిదేళ్ళలో ఒక్క పిల్లాడి కన్ను కూడా మూసుకోని ఫోటోలు తీసిన మనిషి. బడికి ఫోన్ చేసి క్షమాపణ తనే చెప్పుకుంది.

డాక్టరు మెడ స్కానింగ్ ఫిల్ముని దీపం ముందు పెట్టి, మెడ ఎముకల మధ్య నరం నలుగుతోందని చూపించాడు. బరువులు ఎలా మోస్తారని అడిగాడు. మెడలో వేసుకుంటానని చెప్పింది అక్క. ఎన్నేళ్ళుగా అన్నాడు. చెప్పింది. భుజం మీదకి మార్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో, అలాగని అదొక్కటే కారణమని కూడా చెప్పలేను, వయసు కూడా ఉంది కదా, అన్నాడాయన. వేలికి స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఆరు నెలలు చూడాలన్నాడు. పక్క కుర్చీలో కూర్చున్న తమ్ముడు భుజం మీది బెల్టుని చొక్కా కింద దాచుకోలేక, చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. వయసు కూడా ఉంది అన్న మాటని మాత్రం ఒడిసి పట్టుకున్నాడు. వారం రోజులు దాన్నే నెమరేశాడు. అన్నం ముందు కూర్చుంటే ఆ మాట సాయపడేది కాదు. పెళ్ళాం, ఏమిటండీ, మీకూ మెడ పట్టేసిందా అంటే ఆ పూట కంచం వదిలి లేచిపోయాడు.

మూడోవారంలో అక్క అతన్ని పిలిచింది. మెడకి పట్టీ వేసుకుని కూర్చుని ఉంది.

"ఒరేయ్, వచ్చే సోమవారం బడివాళ్ళు ఆరూ ఏడూ తరగతుల్ని మళ్ళీ నిలబెడతామన్నారు. నేనే తీస్తాను. రెండే గ్రూపులు. మెడ మీద పడకుండా భుజానికి వేసుకునే బెల్టొకటి చూసి పట్రా. నేను తిరగలేను కదా" అంది.

పాత బెల్టు మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదనిపించింది తమ్ముడికి. కిరాణా కొట్టుకి వెళ్ళి, అదే బరువుకి ఉప్పు పొట్లాలు కట్టించుకున్నాడు. ఎందుకో మామూలుగా వెళ్ళి కొనేయడం తప్పనిపించింది.

కొట్టాయన ముసలివాడైపోయాడు కానీ ఉప్పు సంచిని చూడగానే అక్క గుర్తొచ్చింది. మా కొట్టు చరిత్రలో ఉప్పుతో బేరానికొచ్చింది ఆవిడొక్కతే అని మురిసిపోయాడు. బెల్టులు ఒక్కొక్కటీ తీశాడు. తమ్ముడు ఒక్కొక్కటీ వేసుకుని వీధి చివరిదాకా నడిచాడు. మెట్లెక్కి దిగాడు. వంగి లేని కాలర్ సరిచేశాడు. వంగినప్పుడల్లా అక్క ఇలా ఎన్నిసార్లు వంగి ఉంటుందన్నదే అతని బుర్రలో తిరిగింది, బెల్టు సంగతి తెలియలేదు. మళ్ళీ మొదట్నుంచి వేసుకోవాల్సి వచ్చింది. ఒకటి జారుతోంది, ఒకటి కోస్తోంది, ఒకటి మెడ మీదకే ఎక్కుతోంది. ఆఖరికి కొట్టాయన చేతులు దులుపుకుని, మీ అక్కగారు ఆనాడు తీసుకున్నదానికి సాటి వచ్చేది నా దగ్గర లేదండీ, ఆ రకం తయారీ కూడా ఆగిపోయింది, అదేమైంది, అనడిగాడు. అడుగుతూనే తమ్ముడు విప్పి బల్లమీద పెట్టిన బెల్టు వైపు చూశాడు.

"ఇదే కదండీ అది?"

తమ్ముడు తలూపాడు. కొట్టాయన దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. దిండు ఇంకా గట్టిగానే ఉందన్నాడు. బకిల్ దగ్గర వేలు పెట్టి ఆగాడు.

"ఇక్కడ కుట్టిందెవరండీ? చెయ్యి తిరిగిన పని. ఇంత సన్నటి కుట్టు మా కుర్రాళ్ళు మిషన్ మీద కూడా వెయ్యలేరు."

తమ్ముడు వంగి చూశాడు. అతను వేసింది నల్లదారం. ఇది బూడిదరంగు. అతను వేసింది ఎటు పోతున్నాయో తెలియని నాలుగు కుట్లు. ఇవి చీమల బారులా వరసగా రెండు వరసలు, చివర్లు లోపలికి మడిచి ముడి వేసి ఉన్నాయి. ఆరేళ్ళుగా రోజూ భుజాన వేసుకున్నాడు కానీ ఒక్కసారి కూడా ఆ బకిల్ని పరీక్షగా చూసుకోలేదు. బూడిదరంగు దారం అక్క సూదిపెట్టెలో ఉంటుంది. స్టూడియోలో వెనక వేలాడే తెర అంచు చిరిగినప్పుడల్లా దాంతోనే కుడుతుంది.

ఇంటిదాకా ఎలా నడిచాడో అతనికి తెలియదు. సిగ్గుతో ఒళ్ళు కాలిపోతోంది. తిట్టి ఉంటే పడి ఉండేవాడు. ఊరందరి ముందూ లాక్కుని ఉంటే ఇచ్చి ఉండేవాడు. ఏమీ అనకుండా కూర్చుని కుట్టింది. చంకలో ఉప్పు సంచి అలాగే ఉంది.

అక్క స్టూడియోలో పిల్లల పాత ఫోటోలు ఏడాదుల వారీగా సర్దుతోంది, ఎడమచేత్తో. తమ్ముడు బెల్టు తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"అక్కా, అప్పట్లో ఇది బిగుసుకుపోలేదు. నేనే కుట్టాను. నీకు అబద్ధం చెప్పాను."

"తెలుసు" అంది అక్క.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు చెప్పిన వారానికే. నువ్వు వేసిన కుట్టు ఊడిపోతోంది. పొడుగు లెన్సు కిందపడితే ఇంకేముంది? నువ్వు స్నానానికెళ్ళినప్పుడు మళ్ళీ కుట్టాను. తర్వాత ఇంకోసారి కూడా కుట్టాను."

"మరి నన్నెందుకు అడగలేదు?"

అక్క ఫోటోల కట్టకి రబ్బరు బ్యాండు వేయబోయింది. వేలు మాట వినలేదు. వదిలేసింది.

"ఒకసారి అడిగాను కదరా. మళ్ళీ అడిగితే నువ్వు మళ్ళీ అబద్ధం ఆడాలి. ఒకటి చాల్లే అనుకున్నాను. నువ్వే ఎప్పుడో ఒకప్పుడు చెప్తావని ఒక ఏడాది చూశాను. తర్వాత పనిలో పడిపోయాను."

తమ్ముడు ఏడ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి, పెద్ద మనిషి, స్టూల్ మీద కూర్చుని చొక్కా చేతులతో మొహం తుడుచుకున్నాడు. తప్పయిపోయిందక్కా అన్నాడు. తప్పే, అంది అక్క. కాదని అబద్ధమాడి ఓదార్చే రకం కాదావిడ. కాసేపయ్యాక, సరే ఏడుపు ఆపి బ్లేడు తీసుకురా, సోమవారం దగ్గరికొచ్చేసింది, అంది.

బ్లేడు తెచ్చాడు. అంత సన్నటి కుట్టు కోయడానికి చాలాసేపు పట్టింది. చివరి దారం తెగగానే బకిల్ హాయిగా కదిలింది. పైకి జరుపుతూ పోతే ఒకచోట బెల్టు మడత కింద చిన్న పెన్ను గీత కనిపించింది. ఆరేళ్ళ దుమ్ము తగలకుండా కొత్తగా ఉంది. అక్కడ ఆపాడు. మెడపట్టీ తగలకుండా మెల్లగా అక్క ఎడమ భుజం మీదుగా వేసి, కుడివైపున కెమెరా తగిలించాడు. అక్క లేచి నిలబడింది. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది. మోకాళ్ళు వంచి, కొంచెం కిందకి దిగి, లేని కాలర్ సరిచేసింది.

"బాగుందిరా. ఆ రోజు ఉన్నట్టే ఉంది" అంది.

ఆ మాటతో తమ్ముడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. అక్క వెళ్ళి తెర ముందు వేసి ఉన్న ఖాళీ కుర్చీకి ఎదురుగా నిలబడింది. కెమెరా ఎత్తి ఒకసారి చూసుకుంది. గుండెల దగ్గరికి దించి, తల ఎత్తి, ఆ కుర్చీ వైపు చూస్తూ, ఆరో తరగతి, ఎవరర్రా వెనక గిల్లేది, అంది. వేలు బటన్ మీద వంగింది. తమ్ముడు ఆవిడ పక్కనే నిలబడి కెమెరా వెనక తెరనే చూస్తున్నాడు. తెల్లగీత మెరవలేదు.

అక్క కుర్చీ మీంచి చూపు తిప్పలేదు.

"నొక్కానా?" అంది.

నొక్కావక్కా అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలిగ్గా వచ్చిందో అతనికే భయం వేసింది.

"లేదక్కా" అన్నాడు. "నొక్కలేదు."

అక్క ఇంకా కుర్చీ వైపే చూస్తూ, సరే, మళ్ళీ నొక్కుతాను, చూసి చెప్పు, అంది.